పద్దెనిమిదో గిన్నె

నాలుగు రోజులు ముందే బయలుదేరమన్నది మా రీసెర్చ్ గైడ్ గారు. సకల జనుల సమ్మె నడుస్తోంది, దారిలో ఒకటి రెండు రోజులు ఆగిపోయినా సమయానికి అందుకోవచ్చని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ ఈ ప్రయాణంలో చెడినవన్నీ ఆ మిగులు రోజుల్లోనే చెడ్డాయి.

హైదరాబాద్ వెళ్ళొచ్చినవాళ్ళు చార్మినార్ గురించి చెబుతారు. నేను చార్మినార్ చూడలేదు. ఐదు రోజుల్లో నేను చూసినవి: ఎల్బీ నగర్ చౌరస్తా, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గల్లీ, సైదాబాద్‌లో ఒక కిరాణా కొట్టు, ఉప్పల్ దాటాక ఒక గేటు. గేటును రెండుసార్లు చూశాను.

పెట్టెలో ఉన్నవి

విశాఖపట్నం నుంచి నాతో వచ్చింది ఒక థర్మకోల్ పెట్టె. అందులో ఇరవై నాలుగు ప్లాస్టిక్ పళ్ళేలు, అరచేతిలో పట్టేంతవి. ఒక్కో పళ్ళెంలో ఈస్ట్, అంటే బ్రెడ్డు పొంగడానికి వేసే జీవి. మామూలు ఈస్ట్ కాదు, మా ల్యాబ్‌లో రెండేళ్ళు కష్టపడి మార్చినది.

కణంలో ప్రోటీన్లు వేల రకాలుంటాయి. ఏదీ ఒంటరిగా పని చేయదు. ఒకటి ఇంకొకదాన్ని పట్టుకుంటుంది, వదిలేస్తుంది, మరొకదాన్ని పట్టుకుంటుంది. ఏది దేన్ని పట్టుకుంటుందో పటం గీయడమే మా పని. పాత పద్ధతిలో కణాలను నలగ్గొట్టి, ఆ ముద్దలోంచి ఒక ప్రోటీన్‌ను లాగి, దానితో పాటు ఏవి వచ్చాయో చూసేవారు. కానీ పచ్చడి రుబ్బేశాక అందులో మిరపకాయ పక్కన ముందు ఏముండేదో ఎవరు చెప్పగలరు? అందుకని బతికున్న కణంలోనే చూడాలి.

దానికి ఒక ఉపాయం ఉంది. పచ్చగా మెరిసే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని రెండు ముక్కలు చేస్తే ఏ ముక్కా మెరవదు. ఒక ముక్కను మనకు కావలసిన ఒక ప్రోటీన్‌కు, రెండోదాన్ని ఇంకో ప్రోటీన్‌కు అతికిస్తాం. కణం లోపల ఆ రెండూ పట్టుకుంటే ముక్కలు కలిసి పచ్చగా మెరుస్తాయి. ఎరుపు రంగు వేరే ఏర్పాటు. మా ఈస్ట్ కణాలన్నిటిలోనూ ఉంటుంది, హాజరు పలికినట్టు.

నాకు ముఖ్యమైనవి రెండే పళ్ళేలు. పదిహేడులో మేం రెండేళ్ళుగా అనుమానిస్తున్న జంట ఉంది. పద్దెనిమిదిలో అదే జంట, కాకపోతే ఒకదానికి పట్టుకునే చోటు కోసేశాం. పదిహేడు మెరవాలి, పద్దెనిమిది మెరవకూడదు. పద్దెనిమిది కూడా మెరిస్తే ముక్కలు వాటంతట అవే అంటుకున్నాయని అర్థం. పద్దెనిమిది అసలు లేకపోతే పదిహేడు ఎంత మెరిసినా ఎవరూ నమ్మరు. నేనూ నమ్మను.

దీన్ని చూడగల మైక్రోస్కోపు మా దగ్గర లేదు. ఉప్పల్ దాటాక ఉన్న పరిశోధనా కేంద్రంలో మూడు గంటల స్లాట్ దొరికింది. అది పోతే ఇంకొకటి ఐదు నెలలకు. నా ఫెలోషిప్ నాలుగు నెలల్లో అయిపోతుంది.

ఎల్బీ నగర్ చౌరస్తా

ప్రైవేటు బస్సు తెల్లవారాక ఎల్బీ నగర్ ముందే దింపేసింది. చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా గులాబీ జెండాలు, ఒక షామియానా, మూడు పొయ్యిలు. రోడ్డు మీదే వంట చేసి రోడ్డు మీదే తినే నిరసన అది. మా వైపు రాస్తారోకో అంటే అరుపులు, టైర్లు. ఇక్కడ ఉల్లిపాయలు తరుగుతున్నారు.

పెట్టె పట్టుకుని పక్కనుంచి జారుకుందామనుకున్నాను. నలభై ఐదేళ్ళ మనిషి, కళ్ళజోడు, భుజం మీద కండువా, అడ్డంగా వచ్చాడు.

"ఏంది తమ్మీ గీ డబ్బ?"

"కణాలండి."

"ఏం కణాలు?"

"బతికున్న కణాలు."

వెనక నలుగురు లేచి నిలబడ్డారు. నా జవాబులోని పొరపాటు అప్పుడు తెలిసింది.

"జర ఇప్పి చూపెట్టు" అన్నాడాయన.

"తెరిస్తే చల్లదనం పోతుందండి."

"ఆంధ్రా నుంచి ఒస్తున్నవా?"

"విశాఖపట్నం."

"ఎక్కడికెల్లి ఒస్తే ఏంది గానీ, ఇప్పు."

విప్పాను. ఆయన ఒక పళ్ళెం తీసి, మూత మీద కాకుండా అంచులు పట్టుకుని, తలకిందులుగానే ఉంచి, వెలుతురుకు ఎత్తి చూశాడు. అలా పట్టుకోవడం నేర్చుకున్నవాళ్ళకే వస్తుంది.

"ఈస్టా?"

"అవునండి!"

"నేను బాటనీ లెక్చరర్ని. సర్కారు జూనియర్ కాలేజి. ఇగ సమ్మెల కూసున్న." వెనక్కి తిరిగి, "బాంబు గాదు, బ్రెడ్డు పిండి" అన్నాడు. అందరూ కూర్చున్నారు. రెండేళ్ళ శ్రమను బ్రెడ్డు పిండి అన్నందుకు కోపం వచ్చింది కానీ, బాంబు కంటే నయమే.

ఆయన పేరు యాదగిరి. నా చేతిలో విస్తరాకు పెట్టి కిచిడీ వడ్డించాడు. పెట్టెలో ఐసు సగం నీరైందని చెప్పాను. దిగుదామనుకున్న అతిథి గృహం సమ్మె వల్ల మూసేశారని చెప్పాను. ఫ్రిజ్ కావాలని చెప్పాను.

"మా గల్లీల ఆంధ్రా మేడం హాస్టల్ ఉన్నది. పోరగాండ్లంత ఊర్లకు పోయిన్రు. ఫ్రిజ్ బీరువా అంత ఉంటది. పో, నా పేరు చెప్పు."

అక్కడినుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఆటో అతను నూట యాభై అడిగాడు. మామూలు రోజుల్లో షేర్ ఆటోలో పది రూపాయలట. "సమ్మె సార్" అన్నాడు. ఈ ప్రయాణంలో అన్ని ప్రశ్నలకూ అదే జవాబు.

మేడం గారి ఫ్రిజ్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆకాశం కనిపించాలంటే కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఖాళీ వెతుక్కోవాలి. ర్యాంకులు, ఫోటోలు, మళ్ళీ ర్యాంకులు. కింద మెట్ల మీద ఒక్క విద్యార్థీ లేడు.

హాస్టల్ నడిపే సుబ్బలక్ష్మి గారిది తెనాలి దగ్గర ఊరు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు. యాదగిరి గారిది ఎదురిల్లు.

"అయ్యో, మన వైపు అబ్బాయివేనా! రా బాబూ. ఫ్రిజ్జుదేముంది, కింద అరంతా ఖాళీయే. ఏవిటవి, స్వీట్లా?"

"కాదండి. తినకూడదు."

"పోనీలే, నాకెలాగూ షుగరు."

ఇంట్లో అందరికీ తెలియడానికి పెట్టె మీద ఒక కాగితం అంటించాను. ఏడు సూచనలు: చల్లగా ఉంచాలి. ఎండ, వేడి తగలరాదు. పళ్ళేలు తలకిందులుగానే ఉండాలి. మూతలు తీయరాదు. పైన బరువు పెట్టరాదు. కరెంటు లేనప్పుడు ఫ్రిజ్ తలుపు తీయరాదు. సందేహం ఉంటే నన్ను అడగాలి. సుబ్బలక్ష్మి గారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఎంత పద్ధతి!" అన్నారు. నేను కొంచెం గర్వపడ్డాను. ఆ గర్వం రెండు రోజులు నిలిచింది.

గేటు, మొదటిసారి

రెండో రోజు, పళ్ళేలను ముందుగానే అప్పగించేస్తే గొడవ వదులుతుందని ఉప్పల్ వైపు బయలుదేరాను. పెట్టెను ఫ్రిజ్‌లోనే ఉంచి, ముందు అనుమతి తీసుకుందామని ఖాళీ చేతులతో వెళ్ళాను. కొంత నడక, కొంత ఆటో, కొంత ఒక పాల వ్యాను వెనక.

గేటు దగ్గర గార్డు ఒక ఫారం ఇచ్చాడు. పేరు, సంస్థ, ఎవరిని కలవాలి, పని. అన్నీ నింపాను. 'పని' అన్న గడి చిన్నది, నా పని పట్టలేదు, వెనక పేజీలో కూడా రాశాను. ఆయన చదివి, లోపలికి ఫోన్ చేసి, ఫారం తిరిగి ఇచ్చేశాడు.

"స్లాట్ ఉన్ననాడే రమ్మంటున్నరు సార్. ముందుగాల ఏదీ తీసుకోరంట."

"ఇది ముందే ఫోన్‌లో చెబితే వచ్చేవాణ్ణి కాదు కదా?"

"ఫోన్ ఎత్తెటోళ్ళు సమ్మెల ఉన్నరు సార్."

తిరిగి వచ్చేసరికి సాయంత్రం. గల్లీలో ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. మా వైపు దేవుడికి పూలు పెడతారు. ఇక్కడ పూలనే గోపురంలా పేర్చి, నడుమ ఉంచి, చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. తంగేడు, గునుగు, బంతి. గునుగు పూలకు రంగులు అద్దుతారట. యాదగిరి గారి భార్య పద్మ నాకు ఒక సర్వపిండి ముక్క ఇచ్చింది. బియ్యప్పిండి, పల్లీలు, కారం. మా ఇంట్లో చేసే తపాలచెక్కకు దగ్గరి చుట్టం, కారంలో మాత్రం పై మెట్టు.

"మీ అన్న చెప్పిండు, నీ డబ్బల పురుగులున్నయంట గద?"

"పురుగులు కాదక్కా!"

యాదగిరి గారు నవ్వి, అరుగు మీద కూర్చుని ఆమెకు నేను చెప్పిన పదిహేడు, పద్దెనిమిది సంగతి నాకంటే తేలిగ్గా చెప్పారు. "ఇద్దరు దోస్తులు చేయి పట్టుకుంటే బల్బు వెలుగుతది. ఒకని చేయి కట్టేసి మళ్ళ చూడాలె. అప్పుడు గూడ వెలిగిందనుకో, బల్బే ఖరాబు."

కరెంటు లేదు. నా ఆరో సూచన ప్రకారం ఫ్రిజ్ తెరవకుండా పడుకున్నాను.

పూలు

మూడో రోజు ఉదయం ఫ్రిజ్ తెరిచాను. కింది అరలో నా పెట్టె లేదు. అరంతా తంగేడు పూలు, తడి గుడ్డలో చుట్టినవి. పసుపు పచ్చగా, తాజాగా, నవ్వుతూ.

"ఆంటీ, నా పెట్టె?"

"ఉంది బాబూ, నిన్న నువ్వు ఉప్పల్ వెళ్ళాక పైన పెట్టాను. పద్మ నాదర్‌గుల్ దాకా వెళ్ళి తెచ్చుకుంది పాపం ఆ పూలు, వాళ్ళ ఫ్రిజ్ చిన్నది. కాదంటే ఎలా? ఈ రోజుల్లో ఆంధ్రా ఆవిడ పూలకు చోటివ్వలేదు అంటే బావుంటుందా? ఫ్రీజరైతే కరెంటు పోయినా చల్లదనం ఆగుతుంది, నీ వాటికే మంచిదని..."

ఫ్రీజర్ తెరిచాను. ఇరవై నాలుగు పళ్ళేలూ రాళ్ళు. లోపలి జెల్లీ బీటలు వారింది. గడ్డ కట్టే నీరు కణాలను సూదుల్లా పొడిచేస్తుంది. అందుకే వాటిని గడ్డ కట్టించాలంటే రక్షణకు వేరే ద్రవం కలిపి చేస్తాం. ఇక్కడ ఏమీ లేదు.

"ఫ్రీజర్‌లో పెట్టకూడదండి! ఎవరైనా ఫ్రీజర్‌లో పెడతారా?"

ఆవిడ పెట్టె మీది కాగితం తీసి నా ముందు పెట్టారు. వేలు ఒక్కో లైను మీద నడిపించారు. చల్లగా ఉంచాలి. ఉంచారు. వేడి తగలరాదు. తగల్లేదు. తలకిందులుగానే ఉన్నాయి. ఏడూ పాటించారు. ఫ్రీజర్ గురించి నేను రాయలేదు. ల్యాబ్‌లో ఆ మాట ఎవరికీ చెప్పనక్కర్లేదు, అందుకని తట్టలేదు.

అరుపులు విని పద్మ వచ్చింది. సంగతి తెలిసి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"నా పూల కోసమా? మేడం, చెప్తే నేను కుండల పెట్టుకోకపోదునా?"

"నువ్వు అడిగినప్పుడు ఎలా చెప్పను పద్మా?"

"ఇరవై ఏండ్ల సంది ఎదురెదురుగ ఉన్నం, గింత మాట చెప్పరాదా?"

ఇద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పాడైనవి నా పళ్ళేలు. ఓదార్చాల్సినవాణ్ణీ నేనే అయ్యాను.

సైదాబాద్‌లో చైనా గ్రాస్

గైడ్ గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. యాదగిరి గారు సమ్మె శిబిరానికి పోబోతూ ఆగి, పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు.

"అన్ని సావయి తమ్మీ. నూటికి ఒకటో రెండో బతుకుతయి. దాన్ని మళ్ళ పెంచుడే."

"దేని మీద పెంచుతాం సార్? మీడియం ఎక్కడుంది?"

"ఎమ్మెస్సీల ఫంగస్ దేని మీద పెంచినవ్?"

గుర్తొచ్చింది. ఉడికించిన బంగాళాదుంప నీళ్ళు, పంచదార, జెల్లీలా గడ్డ కట్టించే అగర్. ఈ తిండితో ఈస్ట్ కూడా పెరుగుతుంది. మేం చేసిన మార్పులు జన్యువుల్లోనే కుట్టేసి ఉన్నాయి, తిండి మారినా పోవు. స్లాట్‌కు రెండు రోజులున్నాయి. చాలవచ్చు.

"అగర్?"

"సైదాబాద్‌ల చైనా గ్రాస్ అని దొరుకుతది. రంజాన్‌కు మిఠాయి చేస్తరు. అదే ఇది."

బండి మీద వెళ్ళాం. మొదటి రెండు కొట్లలో లేదు, రంజాన్ అయిపోయిందన్నారు. మూడో కొట్టు ముసలాయన నిచ్చెనెక్కి దుమ్ము డబ్బాలోంచి నాలుగు ప్యాకెట్లు తీశాడు. ఒక్కోటి ముప్పై రూపాయలు. "ఎంత మందికి చేస్తున్నరు బేటా?" అన్నాడు. "ఇరవై నాలుగు" అన్నాను. "మాషా అల్లా" అన్నాడు.

హాస్టల్ వంటింట్లో మిగతా పని. పద్మ ఆలుగడ్డలు కోసింది. అవే మా వైపు బంగాళాదుంపలు. సుబ్బలక్ష్మి గారు మూతలున్న పచ్చడి గిన్నెలు ఇరవై నాలుగు తీశారు. పెళ్ళికి వచ్చిన సెట్టట, ఒక్కటి పోయినా ఊరుకోనన్నారు. పెద్ద కుక్కర్లో గిన్నెలు, మీడియం రెండూ ఉడికాయి. ల్యాబ్‌లో సూక్ష్మజీవులను చంపే యంత్రం చేసే పనీ ఇదే, దానికి విజిల్ ఉండదు, అంతే.

"చిటికెడు ఉప్పు వేయనా బాబూ? మరీ చప్పగా ఉంటుంది."

"వద్దండి!"

ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, గ్యాస్ మంట పక్కన కూర్చుని, సూది ఎర్రగా కాల్చి, చల్లార్చి, చచ్చిన పళ్ళెంలోంచి ఒక గీత, కొత్త గిన్నెలో ఒక గీత. ఇరవై నాలుగు సార్లు, ప్రతి గిన్నె మీదా పళ్ళెం నంబరు వేసి. చెమట గిన్నెలో పడకుండా పద్మ నా నుదురు తుడుస్తూ, "ఆపరేషన్ లెక్కనే ఉన్నది" అంది.

ఐదో రోజు ఉదయం

నాలుగో రోజు చేయడానికి ఏమీ లేదు, తెరిచి చూడాలన్న కోరికను ఆపుకోవడం తప్ప. పదకొండు సార్లు ఆపుకున్నాను.

ఐదో రోజు ఏడింటికి గిన్నెలు వరసగా తెరిచాను. పదిహేను గిన్నెల్లో తెల్లటి చుక్కలు. తొమ్మిదింట్లో ఏమీ లేదు. పదిహేడులో మూడు చుక్కలున్నాయి. పద్దెనిమిది ఖాళీ. వెలుతురుకు ఎత్తాను, పక్కకు వంచాను, వాసన చూశాను. ఉడికిన దుంప వాసన.

"మొలిచినవి పట్టుకొని పో" అన్నారు యాదగిరి గారు.

"పద్దెనిమిది లేకుండా పదిహేడు దేనికి సార్?"

"ఏం లేనిదాని కంటే నయం గదా. ఎక్కు బండి."

పదిహేను గిన్నెలు హాస్టల్ టిఫిన్ క్యారియర్లో సర్దాను. మిగతా తొమ్మిది కడిగేయమని పద్మకు చెప్పాను. బండి ముందు జెండా ఉంది కాబట్టి మూడు చోట్ల మమ్మల్ని ఆపలేదు. నాలుగో చోట ఆపారు, టిఫిన్ ఎవరికని. "దవాఖానల పేషంటుకు" అన్నాడాయన. ఐదు రోజుల్లో విన్న అబద్ధాల్లో అదే సత్యానికి దగ్గరగా ఉంది.

నల్లటి తెర

పదకొండింటికి లోపలికి వెళ్ళాను. మైక్రోస్కోపు నడిపే ఆవిడ పచ్చడి గిన్నెలను చూసి గ్లవ్స్ రెండు జతలు వేసుకుంది.

పదిహేడు. గిన్నెలోంచి చుక్క గీకి, నీళ్ళలో కలిపి, గాజు పలక మీద పెట్టాం. ఎర్ర తెర: కణాలున్నాయి, బతికున్నాయి, పిలక వేస్తున్నాయి. పచ్చ తెర: ఒక్కో కణం అంచున సన్నటి పచ్చటి గీత, నెలవంకలా. రెండేళ్ళుగా కాగితం మీద బాణం గుర్తుగా గీసినది బతికున్న కణంలో వెలుగుతోంది. ఆవిడ "చాలా బాగుంది" అంది. ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు. పద్దెనిమిది లేకుండా ఆ బొమ్మ గోడకు తగిలించుకోవడానికి తప్ప పనికిరాదు.

పన్నెండుంబావుకు ఫోన్. పద్మ.

"తమ్మీ, నీ పద్దెనిమిదిల చుక్కలు లేచినయ్."

"కడగలేదా?"

"యాడ కడుగుదు? పొద్దుగాల సంది నల్లా రాలే. పొయ్యి పక్కన పెట్టిన, గిప్పుడే మేడం చూసింది. రెండు. గుండుపిన్ను తలకాయంత. మూత పెట్టేసినం, ముట్టలే."

కరెంటు కోతకు భయపడి ఫ్రీజర్లో పెడితే నా పళ్ళేలు పోయాయి. ఒక పూట నీళ్ళు రాక గిన్నె మిగిలింది. దీన్ని ఏ పట్టికలో ఏ వరసలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

యాదగిరి గారు అప్పటికి ఎల్బీ నగర్ శిబిరానికి చేరారు. ఫోన్ చేస్తే వెనక ఉపన్యాసం వినిపిస్తోంది. "ఎన్ని గంటల దాక ఉన్నది నీది?" "రెండు." "ఒస్తున్న." అంతే.

ఒంటిగంటా ఇరవైకి గేటు దగ్గర ఆయన బండి ఆగింది. చొక్కా జేబులో గిన్నె, దాని మీద కండువా. గార్డు ఆయన్ని లోపలికి రానివ్వలేదు. నేను గిన్నె తీసుకుని పరుగెత్తాను.

ఎర్ర తెర: కణాలున్నాయి. మావే, బతికున్నాయి. పచ్చ తెర: నలుపు. వెలుగు పెంచమన్నాను. నలుపు. వేరే చోట చూడమన్నాను. నలుపు. ఇంకో చుక్క పెట్టించాను. అదీ కటిక నలుపే.

"ఏమీ లేదండి" అంది ఆవిడ, జాలిగా.

"అవునండి, ఏమీ లేదు" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. ఆ నల్లటి తెరను పన్నెండు ఫోటోలు తీయించాను.

రెండింటికి బయటికి వచ్చాను. యాదగిరి గారు బండి మీదే కూర్చుని ఉన్నారు.

"పద్దెనిమిదిల ఏం కనవడ్డది?"

"ఏమీ కనపడలేదు సార్."

ఆయన లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. జేబులోంచి ఫోన్ తీసి, "పద్మా! ఏం కనవళ్ళేదంట! అవ్, ఏం లేదు. గదే గావాల్నే!" అని అరిచారు. అటునుంచి ఆమె గొంతు నాకూ వినిపించింది.

"ఏం లేనిదాని కోసం గంత దూరం ఉరికినవా? సరే, గిన్నె జాగ్రత్తగ పట్టుకరా. మేడం సెట్టు లెక్క పెట్టుకుంటున్నది. ఇక్కడి తొమ్మిదిల ఒక్కటి తక్కువొచ్చింది."

క్యారియర్ తెరిచి చూశాను. పదిహేను ఉన్నాయి. పద్దెనిమిదో గిన్నె మైక్రోస్కోపు పక్కనే ఉండిపోయింది.

గార్డు మళ్ళీ ఫారం ఇచ్చాడు. పేరు, సంస్థ, ఎవరిని కలవాలి, పని. ఈసారి ఆ చిన్న గడి సరిగ్గా సరిపోయింది. 'గిన్నె' అని రాశాను.